కోతల జాబితాలో మా వీధి

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 6

తమ్ముడూ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు "ఆఁ అక్కా, సరే అక్కా, డ్యూటీలో ఉన్నా అక్కా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తావు. పైగా మీ కరెంటు కంట్రోల్ రూమ్‌లోకి సెల్‌ఫోన్ రానివ్వరాయె. కాగితమైతే తీరిగ్గా చదువుతావు. తప్పించుకోలేవు.

అత్తయ్య కిందటి నెలలాగే ఉన్నారు. ఊపిరితిత్తులు ఇక బాగుపడేవి కావు, ఉన్నంతలో కాపాడుకోవడమే అని డాక్టరు చెప్పేశాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఆవిడ మంచం పక్కన రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. నోరు మాత్రం ఏ మిషనూ అక్కర్లేకుండానే నడుస్తోంది. నిన్న మీ బావతో, "ఈ మిషన్‌కున్న ఓపిక నీకుంటే ఈపాటికి ప్రమోషన్ వచ్చేదిరా" అన్నారు. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ పేపర్లో రోజూ ఓడల కబుర్లే. గ్యాసు ఓడ ఆలస్యమట, బొగ్గు ఓడ వేరే దేశం ఎక్కువ ధర ఇస్తానంటే దారి మళ్లిందట. మన దేశంలో వెలిగే ప్రతి మూడు దీపాల్లో రెండు పరాయి దేశపు ఇంధనంతోనే వెలుగుతున్నాయని టీవీలో చెప్పారు. ఎక్కడో సముద్రంలో ఓడ ఆగితే ఇక్కడ నా వంటింట్లో దీపం ఆరాలి. కానీ విచిత్రం, ఊరంతా సాయంత్రం పూట కోతలైతే, మా వీధిలో ఒక్కసారి కూడా కరెంటు పోలేదు.

మా వెనక వీధిలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది కదా, మన పిల్లల యూనిఫారాలు కుట్టేది. నెల రోజుల నుంచి చీకటి పడేసరికి కుట్టు మిషన్ మోసుకుని మా వరండాలోకి వస్తోంది. నిన్న దారం ఎక్కిస్తూ అంది: "మీ వీధికి కరెంటాఫీసులో మేనమామ ఎవరో ఉండుంటాడమ్మా. లేకపోతే ఇంత ముద్దేంటి?"

నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా పిల్లలకి మేనమామవి నువ్వే కదా.

రెండు ప్రశ్నలు. ఏ వీధికి ఎప్పుడు తీయాలో ఎలా నిర్ణయిస్తారు? రెండోది, మా డాబా మీద సౌర పలకలు పెడితే అత్తయ్య మిషన్ నడుస్తుందా? విడివిడిగా జవాబు రాయి. కలిపి చుట్టేయకు.

అక్క


కంట్రోల్ రూమ్ క్వార్టర్స్,
ఫిబ్రవరి 15

అక్కా,

ప్రశ్నలు నంబర్లు వేసి అడగడం నువ్వింకా మానలేదు. చిన్నప్పుడు నా హోమ్‌వర్కు కూడా ఇలాగే చూసేదానివి.

మా హాల్లో గోడ నిండా బోర్డు ఉంటుంది. దాని నడుమ ఎర్రటి అంకె. అది యాభై దగ్గర నిలబడాలి. జనం వాడకం పెరిగి, వచ్చే కరెంటు తగ్గితే అంకె కిందికి జారుతుంది. మరీ జారితే దేశం మొత్తం ఒక్కసారిగా చీకటైపోతుంది. అలా కాకుండా మేం కొన్ని లైన్లు మేమే తీసేస్తాం. పగలు ఫర్వాలేదు. ఎడారి వైపు సౌర కరెంటు పుష్కలంగా వస్తోంది, కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. చిక్కంతా పొద్దు దిగాకే. సూర్యుడు ఇంటికి వెళ్లిపోతాడు, జనం ఇంటికి వస్తారు. ఆ రెండు మూడు గంటలూ గ్యాసుతోనే నెట్టుకురావాలి. గ్యాసు ఓడలో రావాలి.

అందుకని వీధులకు వంతులు వేస్తాం. ఆస్పత్రులున్న లైన్లు మాత్రం తీయకూడదని రూలు. మీ వీధి మీ దగ్గరి నర్సింగ్ హోమ్ లైను మీద ఉంది. అంతకంటే ఏం లేదు.

సౌర పలకల సంగతి ఇప్పుడెందుకు? ధరలు దిగుతున్నాయి, ఏడాది ఆగు. అత్తయ్యగారికి నమస్కారాలు. బావకి ప్రమోషన్ వచ్చాక చెప్పు.

తమ్ముడు


ఇంటి నుంచి,
మార్చి 1

తమ్ముడూ,

మొన్న సాయంత్రం అత్తయ్య మాత్రల కోసం నర్సింగ్ హోమ్ పక్క మందుల షాపుకి వెళ్లాను. షాపులో కొవ్వొత్తి. నర్సింగ్ హోమ్ గుమ్మంలో జనరేటర్ దడదడలాడుతోంది. "ఎప్పుడు పోయింది?" అన్నాను. "ఇదేమైనా కొత్తా అమ్మా? రోజూ పోయేదే" అన్నాడు షాపతను.

తిరిగి వస్తే మా వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయి. మా మెట్ల మీద ఎవరికీ అక్కర్లేని బల్బు కూడా వెలుగుతోంది.

ఆస్పత్రికి పోతోంది. ఆస్పత్రి వల్ల పోదన్న మాకు మాత్రం పోవడం లేదు. నాకు మీ అంకెలు తెలియవు కానీ, ఈపాటి లెక్క వచ్చు. చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పేటప్పుడు "అంతకంటే ఏం లేదు" అనే ముగించేవాడివి.

ఈసారి ప్రశ్న ఒక్కటే. మా వీధిని కోతల జాబితాలోంచి ఎవరు తీశారు?

అక్క


కంట్రోల్ రూమ్ క్వార్టర్స్,
మార్చి 9

అక్కా,

నేనే.

నవంబరులో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు ఫ్యూజు పోయింది, గుర్తుందా? ఐదు నిమిషాలు కూడా కాలేదు. మిషన్ కీచుమని అరిచింది. అత్తయ్యగారి పెదాలు నీలం తిరిగాయి. నువ్వు ఆక్సిజన్ సిలిండర్ మూత తిప్పుతున్నావు, అది బిగుసుకుపోయింది, ఇంకా తిప్పుతున్నావు. బావ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నేను టార్చి పట్టుకున్నాను. నా చెయ్యి వణికి ఆ వెలుగు గోడంతా తిరిగింది.

ఆ తర్వాతి వారమే కోతలు మొదలయ్యాయి. మీ వైపు జాబితా తయారుచేసేది నేనే. మీ వీధి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. దాటేశాను. ఎవరూ అడగలేదు. మర్నాడూ దాటేశాను.

అయితే తీయాల్సినంత ఎక్కడో ఒకచోట తీయాలి కదా. మీ వాటా పక్క లైను మీద వేశాను. అంటే మీ వెనక వీధి మీద. అందుకే వాళ్లకి రోజుకి రెండుసార్లు పోతోంది.

తప్పని తెలుసు. బయటపడితే నా ఉద్యోగం ఉండదు. అయినా మళ్లీ మొదటి నుంచి చేయమన్నా ఇదే చేస్తాను. నువ్వు కోప్పడు, ఫర్వాలేదు. ఈ ఉత్తరం మాత్రం చింపెయ్.

తమ్ముడు


ఇంటి నుంచి,
మార్చి 16

తమ్ముడూ,

చింపేశాను. అందులోని సంగతి మాత్రం చిరగలేదు.

నీ మీద కోపం రాలేదు. రావాలని చూశాను. టార్చి పట్టుకున్న నీ చెయ్యి గుర్తొచ్చి రాలేదు. కానీ నిన్న కుట్టు ఆవిడ వెళ్లేటప్పుడు, "మీ వరండా లేకపోతే ఈ నెల ఆర్డర్లన్నీ పోయేవమ్మా, మీ మేలు మర్చిపోను" అంది. ఆవిడ కరెంటు తీసుకుని, అందులో కాస్త ఆవిడకే పెట్టి, పైగా కృతజ్ఞత చెప్పించుకున్నాను.

ఇంకొకటి విను. మా బిల్డింగులోని పన్నెండు కుటుంబాల సంఘం మీటింగులో సౌర పలకల మాట ఎత్తాను. బిల్డింగు ప్రెసిడెంటు, అదే పై అంతస్తు రిటైర్డ్ మేనేజరు గారు, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మన వీధిలో కరెంటు పోదు కదండీ!" అన్నారు. అందరూ అదే పాట. మీ బావ కూడా! "మనకి లేని రోగానికి మందెందుకే?" అన్నారు. ఏం చెప్పను? మన వీధికి ఎందుకు పోవడం లేదో నాకు తెలుసు, చెప్పలేను. నువ్వు మమ్మల్ని కాపాడినంతకాలం మేం కాళ్లు కదపం. ఓడలు ఈ ఏడాదే కాదు, వచ్చే ఏడాదీ ఆలస్యమవుతాయి. నీకు బదిలీ అయిందంటే ఆ మర్నాడు అత్తయ్య గతేమిటి?

కాబట్టి ఆలోచించే రాస్తున్నాను. ఏప్రిల్ ఒకటి నుంచి మా వీధిని జాబితాలో పెట్టు. వెనక వీధికి వాళ్ల వంతు మాత్రమే ఉంచు. ఈలోగా రెండు పెద్ద సిలిండర్లు అద్దెకు తెస్తున్నాను. మూత తిప్పడం రోజూ పొద్దున సాధన చేస్తున్నాను, మీ బావ చేత కూడా చేయిస్తున్నాను.

మా వంతు ఎప్పుడో నాకు ముందుగా చెప్పకు. వీధిలో అందరికీ ఎలా తెలుస్తుందో నాకూ అలాగే తెలియాలి.

అక్క


కంట్రోల్ రూమ్ క్వార్టర్స్,
మార్చి 22

అక్కా,

జాబితాలో పెట్టను. సిలిండర్ల బండి రాని రోజు ఏం చేస్తావు? బదిలీ సంగతి బదిలీ వచ్చినప్పుడు చూద్దాం. అత్తయ్యగారు పోతే ఆ బోర్డు ముందు నేను మళ్లీ కూర్చోలేను. న్యాయం నువ్వు చూసుకో, నాకు మనిషి కావాలి.

తమ్ముడు


ఇంటి నుంచి,
మార్చి 28

అబ్బాయ్,

నేను మీ అక్క అత్తగారిని. చెబుతుంటే కోడలు రాస్తోంది. చదువుకున్నది కదా అని నా మాటలకి ఇస్త్రీ చేస్తోంది, చేయొద్దన్నాను.

నీ ఉత్తరాలు నాకు చూపించలేదు. నేనే అడిగి చెప్పించుకున్నాను. వారం రోజులుగా ఇల్లంతా మూత తిప్పడం నేర్చుకుంటుంటే నాకు అనుమానం రాదా? ఊపిరి ఆడదు గానీ బుర్ర ఆడుతుంది.

నా పేరు చెప్పి వెనక వీధికి చీకటి చేస్తున్నావట. నన్ను అడిగావా? ఆ కుట్టేపిల్ల నాకు జాకెట్లు కుడుతుంది. కొలతలకి వచ్చినప్పుడల్లా నా కాళ్లు నొక్కి వెళ్తుంది. ఇకమీదట దాని మొహం ఎలా చూడాలి నేను?

నీకు మనిషి కావాలన్నావు. సంతోషం. మనిషినే, అందుకే చెబుతున్నాను. భయపడుతూ ఎక్కువ రోజులు బతకడం నాకు ఇష్టం లేదు. నా కొడుకు ఇప్పటికే ఆ పని ఇంటిల్లిపాది తరఫునా చేస్తున్నాడు. నువ్వు నీ పని సరిగ్గా చెయ్యి, నా కోడలు తన పని చేస్తుంది. తనకి చేతకాకపోతే నేనే చెబుతాను, మొహమాటం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. పెళ్లినాటికంటే చిక్కావని మీ అక్క అంటోంది.

(చెప్పింది చెప్పినట్టే రాశాను తమ్ముడూ. ఒకచోట మార్చబోతే పట్టుకున్నారు. అక్క.)


కంట్రోల్ రూమ్ క్వార్టర్స్,
ఏప్రిల్ 3

అక్కా,

పెట్టాను. ఒకటో తారీఖు నుంచి మీ వీధికి మీ వంతు, వెనక వీధికి వాళ్ల వంతు. జాబితా తయారుచేసే పని ఇద్దరికి ఇవ్వమని మా అధికారిని అడిగాను. ఒకరు రాస్తే ఒకరు సరిచూసేలా. "ఎందుకు?" అన్నాడు. "ఒక్కడి చేతిలో ఉండకూడని పని సార్" అన్నాను. ఇంకేం అడగలేదు, సరేనన్నాడు. ఇక నేను కావాలనుకున్నా మీ వీధిని దాటలేను.

అత్తయ్యగారి ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నేను చిక్కలేదని ఆవిడకి చెప్పు.

తమ్ముడు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 19

తమ్ముడూ,

మొదటి కోత నాలుగో తారీఖు సాయంత్రం వచ్చింది. మిషన్ అరిచింది. నేను మూత తిప్పాను, మీ బావ గొట్టం మార్చారు. అత్తయ్య పెదాల రంగు మారలేదు. "పద్ధతిగా చేశారు. ఇక దీపం పెట్టండి, ఒకరి మొహం ఒకరికి కనబడనీండి" అన్నారు ఆవిడ.

కింద మాత్రం గోల. ప్రెసిడెంటు గారు జనరేటర్ వేయమన్నారు. వాచ్‌మన్ డబ్బా తలకిందులు చేసి చూపించాడు. డీజిల్ బంకుల్లో వాహనాలకే సరిపోవడం లేదు, డబ్బాల్లో పోయడం మానేశారట. లిఫ్టులో ఇరుక్కున్న రెండో అంతస్తు టీచరమ్మ బయటికొచ్చి ఆయన్ని నిలదీసింది. "మన వీధిలో పోదన్నారు కదండీ?"

ఆదివారం మళ్లీ మీటింగు. ఆయన డీజిల్ కోసం ఎవరికో సిఫారసు చేయిద్దామన్నారు. నేను లేచాను. "సార్, డీజిల్ కూడా ఓడలోనే వస్తుంది. ఒక ఓడ రాలేదని ఇంకో ఓడ కోసం ఎదురుచూస్తున్నాం. డాబా మీద ఎండ ఏ ఓడా ఎక్కకుండా రోజూ వస్తోంది" అన్నాను. "మబ్బు పట్టినరోజో?" అన్నారు. "మబ్బు పట్టినరోజు తక్కువ వస్తుంది. డీజిల్ లేని రోజు అసలే రాదు" అని టీచరమ్మ అందుకుంది. పిల్లలున్న ఇళ్లవాళ్లు అప్పటికే చేతులెత్తి ఒప్పుకున్నారు. చివరికి ఆయన "సరే, రాసుకోండి, నాకు వ్యతిరేకత లేదు" అన్నారు, ఎవరో ఉందన్నట్టు.

ఖర్చు పన్నెండిళ్లూ సమానంగా వేసుకుంటున్నాం. పనివాళ్లు వచ్చే వారం వస్తారు. పలకలతో వచ్చే బ్యాటరీ మీద ఏవేవి పెట్టాలో, ఏవి పెట్టకూడదో నువ్వు ఖరాఖండిగా రాసి పంపు. ఇక్కడ ఒక్కొక్కరూ ఒక్కో కోరిక కోరుతున్నారు. ఒకాయనకి చేపల తొట్టెలో బుడగలు కావాలట.

అక్క


కంట్రోల్ రూమ్ క్వార్టర్స్,
ఏప్రిల్ 27

అక్కా,

కోత సమయంలో బ్యాటరీ మీద ఉండాల్సినవి: అత్తయ్యగారి మిషన్, మెట్ల దీపాలు, ఇంటికొక దీపం, ఒక ఫ్యాను. అంతే. లిఫ్టు వద్దు. చేపలకి సానుభూతి చెప్పు. ఇస్త్రీ, నీళ్ల మోటారు, బట్టల మిషన్ మిట్టమధ్యాహ్నం నడపండి. ఎండ ఉన్నప్పుడు వాడుకోవడం, పొద్దు దిగాక పొదుపు చేయడం. దేశం మొత్తానికీ మేం చెప్పేది ఇదే, ఎవరూ వినరు. పన్నెండిళ్ల చేత నువ్వు వినిపించగలవు. నీ గొంతు నాకు తెలుసు.

సిలిండర్లు అప్పుడే తిరిగి ఇచ్చేయకు.

తమ్ముడు


ఇంటి నుంచి,
జూన్ 5

తమ్ముడూ,

ఇన్నాళ్లు నీకు రాయకపోవడానికి కారణం సిగ్గు.

పలకలు మే మొదటి వారంలో బిగించారు. ఎండలు దంచేస్తున్నాయి. అయినా బ్యాటరీ సగమే నిండుతోంది. కోత వచ్చిన గంటకే ఎర్రదీపం, నేను మళ్లీ సిలిండర్ దగ్గరికి. ప్రెసిడెంటు గారు రోజూ మెట్ల మీద కనబడి, "ఎండ ఏ ఓడలోనో ఇరుక్కున్నట్టుందమ్మా" అంటారు. పలకలు బిగించిన కుర్రాణ్ని మూడుసార్లు పిలిపించాను. వచ్చిన ప్రతిసారీ అన్నీ చూసి, "అంతా బాగుంది మేడమ్, మీటరు చక్కగా చూపిస్తోంది" అనేవాడు. అతను వెళ్లిన మర్నాడు మళ్లీ సగమే. సిలిండర్ల బండి రెండుసార్లు ఆలస్యమైంది. ఒకసారి మిగిలిన సిలిండర్‌లో ముల్లు అడుగుకి దిగాక వచ్చింది. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను.

కిందటి మంగళవారం పొద్దునే కరెంటు పోయి, అత్తయ్య దుప్పట్లు ఉతకడం కుదరలేదు. ఆ రోజు పదకొండున్నరకే బ్యాటరీ నిండిపోయింది! మర్నాడు ఉతికాను, మళ్లీ సగమే. అప్పుడు డాబా ఎక్కి, నా కళ్లతో నేను చూశాను.

ఆవిడ దుప్పట్లు రోజూ ఉతకాలి కదా, నువ్వు చెప్పిన మధ్యాహ్నం దాకా ఆగడం కుదరదు. ఎనిమిదింటికల్లా ఆరేస్తాను, ఎప్పుడూ అదే తాడు మీద. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అది నా తాడు. ఆ దుప్పటి నీడ పలకల చివర రెండింటి మీద వాలుతోంది. మధ్యాహ్నం ఆరగానే మడతపెట్టి తెచ్చేస్తాను. కుర్రాడు వచ్చేది మూడింటికి. అప్పటికి తాడూ ఖాళీ, నీడా లేదు. నేను ఒక్కరోజైనా బద్ధకించి ఉంటే ఎప్పుడో దొరికేది. ఫోన్లో అడిగితే అతను నవ్వాడు. "అవన్నీ ఒక వరస మేడమ్. ఒక్కదాని మీద నీడ పడితే వరసంతా చతికిలబడుతుంది."

అత్తయ్యకి చెప్పాను. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "నా ఊపిరికి నా దుప్పటే అడ్డం పడిందన్నమాట. అది తెలియక ఓడల్ని తిట్టుకున్నాం!"

తాడు మెట్ల వెనక్కి మార్చాను. పన్నెండిళ్లకీ ఆరేసే చోట్లు సుద్దతో గీశాను. అప్పటి నుంచి బ్యాటరీ పూర్తిగా నిండుతోంది. ఒక సిలిండర్ తిరిగి ఇచ్చేశాను. ఒకటి మాత్రం ఉంచాను, కంగారుపడకు.

అక్క


కంట్రోల్ రూమ్ క్వార్టర్స్,
జూలై 14

అక్కా,

నిన్నటి సంగతి పేపర్లో చూసే ఉంటావు. గ్యాసు ఓడ రేవు బయట తుఫానులో ఆగిపోయింది. నాలుగు రోజులుగా ముసురు, ఎడారి కరెంటు కూడా సగానికి పడింది. సాయంత్రం ఎర్ర అంకె నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడనంత కిందికి దిగింది. రెండు గంటల వంతులు ఐదున్నర గంటలయ్యాయి. మీ వీధి తీయమని సబ్‌స్టేషన్‌కి చెప్పింది నేనే. నా పక్కన కూర్చున్నతను జాబితా సరిచూశాడు. ఆ లైను పేరు నా గొంతులోంచి మామూలుగానే వచ్చింది. తర్వాత లేచి నీళ్లు తాగాను.

అంతసేపూ నా కుర్చీ వెనక గోడ ఫోన్ వైపే చెవి ఉంది. ఆ నంబరు నీకిచ్చాను కదా. మోగితే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. మోగలేదు. డ్యూటీ దిగాక నీ సెల్‌కి చేస్తే స్విచాఫ్.

అత్తయ్యగారి సంగతి పోస్టులో నీ ఉత్తరం వచ్చేదాకా ఆగలేను. ఈ ఉత్తరం ఇంటర్‌సిటీ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అతని చేతికే జవాబు ఇవ్వు.

తమ్ముడు


ఇంటి నుంచి,
జూలై 15

తమ్ముడూ,

బస్సు డ్రైవరు కింద టీ తాగుతున్నాడు. అతను తాగేలోపు రాస్తున్నాను. అత్తయ్య బాగానే ఉన్నారు. మొన్న రాత్రి నా సెల్‌లో చార్జింగు అయిపోయింది. అందులో పెట్టడానికి కరెంటు ఖర్చుచేయదలుచుకోలేదు.

ముసురు వల్ల బ్యాటరీ మూడొంతులే నిండింది. రెండు గంటల కోతకి చాలు అనుకున్నాను. మూడో గంట దాటేసరికి పావువంతుకి వచ్చింది. చేతిలో సిలిండర్ ఒక్కటే. అది అయిపోతే వానలో బండి రాదు. మీ బావ తన ఫోన్ నా ముందు పెట్టి, "ఒక్క మాట చెప్పవే, వాడు వినకపోడు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆవిడ ఆయన కన్నతల్లి.

నంబరు నాకు నోటికొచ్చు. చేయలేదు. చేస్తే నువ్వు ఎలాగోలా మాకు కరెంటు వేసేవాడివి. ఇంకో వీధి ఆరేది. ఆ వీధిలో ఎవరి మంచం పక్కన ఏ మిషన్ ఉందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

టార్చి తీసుకుని మెట్లు దిగాను. కింది నుంచి మొదలుపెట్టి ప్రతి తలుపూ కొట్టాను. "ఇంట్లో దీపం, ఫ్యాను ఆపండి. మా అత్తయ్య మిషన్ నడవాలి" అన్నాను. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగనిదాన్ని, పదకొండు గుమ్మాల్లో అదే మాట అడిగాను. టీచరమ్మ నేను నోరు తెరిచేలోపే ఆపేసింది. చేపలాయన కొవ్వొత్తి పట్టుకుని నాతోపాటు పైకి వచ్చాడు. ప్రెసిడెంటు గారు తలుపు తీసి నన్నూ, నా తడిసిన చీరనీ చూసి, "అడగడానికి ఇంత దూరం రావాలామ్మా? కింది నుంచే కేకేస్తే సరిపోయేది" అని మెట్ల దీపాలు కూడా ఆపమన్నారు. పైగా గొడుగు వేసుకుని డాబా ఎక్కి, పలకల మీద ఏమైనా ఎగిరిపడిందేమో చూసొచ్చారు. చీకట్లో వాటితో పనేమిటని నేను అడగలేదు.

వెనక వీధికి కరెంటు ఉంది. కుట్టు ఆవిడ మా చీకటి చూసి పరుగెత్తుకొచ్చింది, పొడుగాటి వైరు చుట్ట భుజానేసుకుని. "మా ఇంట్లోంచి లాగుతానమ్మా" అంది. గోడ మీదుగా చూస్తే ఇంకా ఎంతో దూరం, అందదు. వెళ్లమంటే వెళ్లలేదు. అత్తయ్య కాళ్ల దగ్గర కూర్చుంది. కుట్టు ఆవిడకి నిజం చెప్పాలని నాకు ఆ చీకట్లో అనిపించింది. నీ పేరు చెప్పలేదు. "మీ వీధికి రోజూ పడిన రెండు కోతల్లో ఒకటి మాది. అయిదు నెలలు నీ మీద పడింది" అన్నాను. ఆవిడ అత్తయ్య కాళ్లు నొక్కడం ఆపలేదు. "ఆర్డర్లు రెండు పోయాయమ్మా అప్పట్లో" అంది చివరికి. అంతే అంది. అది నేను మొయ్యాల్సిందే.

బ్యాటరీ ముల్లు దిగడం నెమ్మదించింది కానీ ఆగలేదు. బిల్డింగంతా చీకటి. వాన కూడా తెరిపిచ్చింది. అంత నిశ్శబ్దం నేను ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అత్తయ్య కళ్లు మూసుకునే ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను.

"ఎవరింట్లోనో ఇంకా ఫ్యాను తిరుగుతోంది. చప్పుడు వినబడుతోంది" అన్నారు.

నేను తల పైకెత్తాను. ఊరంతా తిరిగి అడిగి వచ్చానే!

"మనదే అత్తయ్యా. మీ నెత్తి మీదదే" అన్నాను.

"మరి చూస్తావేం? ఆపు."

ఆపాను. కరెంటు వచ్చేదాకా ఆ మిషన్ ఒక్కటే నడిచింది.

అక్క